అయిదోసారి కాల్చిన పింగాణీ

(పదకొండో భాగం)

పోయినవారం సాలేహాని మనం బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో దిగుతుండగా వదిలేశాం. పక్కన మామగారు బడే మియా. ఆయన భుజాన గుడ్డసంచి, అందులో పళ్ళ రంగులు పోల్చుకునే పట్టీ, భూతద్దం. డాక్టర్ శ్రీదుర్గ ఫోన్ చేసి ఇద్దరినీ వెంటనే రమ్మన్న దగ్గర్నుంచి సాలేహాకి అన్నం సయించలేదు. ఎందుకు రమ్మన్నారో ఆయనకి తెలియదు. ఫోనెత్తిన ఈమెకి తెలుసు.

వెనకటి సంగతులు మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. వించిపేటలో మేడ మీది గదిలో బడే మియా చేసే పని పింగాణీ రేకులు తయారుచెయ్యడం. పళ్ళ రంగు మారిపోయినవాళ్ళకి డాక్టర్లు పంటి ముందుభాగం కాస్త అరగదీసి, గోరంత మందం ఉండే పింగాణీ రేకు దాని మీద అతికిస్తారు. వెనీర్లంటారు వాటిని. నోటి అచ్చు తీసి పంపితే ఆ రేకు చేసి, రంగు వేసి, ఫర్నెస్‌లో కాల్చి ఇచ్చేది ఈయన. ఒక్కగానొక్క కొడుకు నాసిర్ కూడా అదే పనిలో ఉండేవాడు. రెండేళ్ళ కిందట కంకిపాడు దగ్గర చెరుకు ట్రాక్టరు కింద పడి పోయాడు. ఆ రోజు అతనికి ఆ దారిలో పనేమీ లేదు. మరెందుకు వెళ్ళాడని బడే మియా అడగని మనిషి లేడు, చెప్పగలిగినవాడూ లేడు.

కొడుకు పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయిన మర్నాడే ముసలాయన మళ్ళీ బల్ల ముందు కూర్చున్నాడు. చెయ్యి ఆడుతున్నంతసేపే నేను బతికున్నట్టు బేటీ అని కోడలితో అన్నాడు. ఆ మాటే సాలేహా కాళ్ళకి బంధం వేసింది. చెయ్యి బాగానే ఆడుతోంది, కళ్ళే మోసం చేస్తున్నాయి. పసుపు ఆయనకి తెలుపుగా కనపడుతోంది. అందుకని ఆయన మధ్యాహ్నం జొహర్ నమాజుకి వెళ్ళి, మసీదు అరుగు మీద కబుర్లు కూడా ముగించుకుని వచ్చేలోగా సాలేహా ఆ రేకుల మీద రంగు గీకేసి, తన రంగు వేసి, మళ్ళీ కాల్చి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర కలియబెడుతుంది. రెండేళ్ళుగా ఇదే వరస. ఇది మనకీ ఆమెకీ తప్ప ఎవరికీ తెలియదు. ఇంకొకటి కూడా ఉంది, దాన్ని ఆమె మన దగ్గర కూడా దాచింది. అదీ ఇవాళ బయటపడుతుంది.

శ్రీదుర్గ క్లినిక్ చెప్పుల షాపు పైన రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కి లోపలికి వెళ్ళేసరికి కుర్చీలో రామతులసి కూర్చుని ఉంది. ఉయ్యూరులో ఆడపిల్లల స్కూల్లో లెక్కల టీచరు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సాలేహా ఆమెని చూడటం ఇదే మొదలు. ల్యాబువాళ్ళు మనుషుల్ని చూడరు, ప్లాస్టరు అచ్చులో వాళ్ళ పళ్ళు చూస్తారు, అంతే. ఈ ఆరు పళ్ళూ మాత్రం సాలేహాకి బాగా గుర్తు. కుడివైపు కోరపన్ను కొంచెం లోపలికి తిరిగి ఉంటుంది. ఆ పళ్ళ తాలూకు మనిషి సన్నగా, చామనఛాయగా, పెద్ద కళ్ళతో ఉంటుందని ఇవాళే తెలిసింది.

చిన్నతనంలో మాటిమాటికీ జ్వరం వస్తే ఎవరో ఇచ్చిన మందుకి రామతులసి పళ్ళు బూడిదరంగు చారలతో వచ్చాయి. ముప్ఫయ్యారేళ్ళు వచ్చేదాకా చెయ్యో కొంగో అడ్డం పెట్టుకునే నవ్వింది. పెళ్ళి ఫోటోల్లో కూడా మూతి బిగించుకునే ఉంది. ఈ రేకులు పెట్టించుకున్నాక, మొన్న ఆగస్టు పదిహేనుకి స్కూల్లో తీసిన ఫోటోలో మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వింది. దాన్ని డాక్టరుగారికి చూపించాలని అప్పట్నుంచీ హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకు తిరుగుతోంది. ఇవాళ తీసుకొచ్చిందిగానీ బయటికి తియ్యలేదు. నిన్న పొద్దున పిల్లల హాజరు పిలుస్తుంటే ముందుపన్ను రేకు విరిగి రిజిస్టరు మీద పడింది. ముందు వరసలో పిల్లలు చూశారు. ఎవరూ నవ్వలేదట. నవ్వినా బాగుండేదండీ అని డాక్టరుతో చెప్పుకుని ఏడ్చిందట.

స్టీలు ట్రేలో దూది మీద రెండు ముక్కలున్నాయి. ఇంకో పంటి రేకు నిలువునా బీటవారింది, అది ఇంకా నోట్లోనే ఉంది. మూడోదానికి మూల ఊడింది. రేకులు పెట్టి అయిదు నెలలు కూడా కాలేదు.

బడే మియా సలాం చెప్పి కూర్చోకముందే రామతులసి కొంగు చాటునుంచే మాట్లాడింది.

"తప్పు నాదేనేమోనండి సాయిబుగారూ. చెరుకు ముట్టుకోలేదు, జంతికలు ముట్టుకోలేదు. అరటిపండు కూడా తుంచుకునే తింటున్నాను. నిద్దట్లో పళ్ళు నూరుతున్నానేమో మరి. మీరంత కష్టపడి చేసినవి నేనే పాడుచేసుకున్నట్టున్నాను."

బడే మియా మనసు కరిగిపోయింది. నీ తప్పేం ఉండదు తల్లీ, పింగాణీ కదా, ఒక్కోసారి అలా జరుగుతుంది అని సముదాయించాడు. సాలేహా గోడకి ఆనుకుని నిలబడింది. తప్పు చేసినదాని ముందు తప్పు చెయ్యని మనిషి క్షమాపణ చెప్పుకుంటోంది. దానికంటే చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది.

ముసలాయన ట్రేలోంచి ముక్క తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. బడే మియాకి రంగుతో సంబంధం ఇవాళ్టిది కాదు. వయసులో ఉండగా గవర్నరుపేటలో ఒక ఫోటో స్టూడియోలో నలుపు తెలుపు ఫోటోలకి కుంచెతో రంగులద్దేవాడు. పెళ్ళికూతురి చీరకి ఎరుపు, పెదాలకి గులాబీ, చెవిదుద్దులకి బంగారం. కలర్ ఫిల్ము వచ్చాక ఆ పని పోయింది. ఆరునెలలు ఊరికే కూర్చున్నాక ఒక పెద్ద డాక్టరు ఆయన చేతి పనితనం చూసి, ఫోటోలకి వేసే రంగు పళ్ళకి వెయ్యి అని ల్యాబులో పెట్టుకున్నాడు. ఒకసారి చేతిలోంచి జారిపోయిన రంగుని ఆయన అలా మళ్ళీ పట్టుకున్నాడు. అందుకే ఆ విషయంలో ఆయనకి కొంచెం గర్వం. కాస్త ఎక్కువే అనుకోండి.

భూతద్దంలోంచి ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి తిరిగాడు. ముఖం వెలిగిపోతోంది.

"విరిగితే విరిగింది డాక్టరమ్మగారూ, రంగు చూశారా? పక్కపంటితో ఎలా కలిసిపోయిందో చూడండి. ఇంకా ఈ చేతికి పనితనం పోలేదు."

సాలేహా తల దించుకుంది. ఆ రంగు ఆమెది.

రంగుకి ఎవరూ వంక పెట్టలేదని శ్రీదుర్గ అంది. ఆమె పదిహేనేళ్ళుగా ఈయనకే పని ఇస్తోంది, ఇంకొకళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. అందుకే ఎలా మొదలుపెట్టాలో తెలియక కాసేపు గ్లవ్స్ విప్పుకుంటూ నిలబడింది. చివరికి అసలు సంగతి చెప్పింది. కిందటినెల ఇంకో ఇద్దరికి ఇలాగే బీటలొచ్చాయి. ఆ ముక్కల్ని తనకి చదువు చెప్పిన ప్రొఫెసరుకి పంపింది. బీట పైనుంచి రాలేదు, లోపల్నుంచి వచ్చింది, కాల్చాల్సినదానికంటే ఎక్కువసార్లు కాల్చారు, పైగా ఎవరో గీకి పల్చబరిచారు అని ఆయన రాశాడు.

"ఎన్నిసార్లు కాల్చారు మియాగారూ?"

"మూడు. నాలుగోసారి ఎప్పుడూ కాల్చలేదు."

"ఒక్కోసారి రంగు కుదరకపోతే..."

"నా చేతిలో రంగు కుదరకపోవడమేమిటమ్మా?"

నేను మిమ్మల్ని తప్పు పట్టడం లేదని డాక్టరు అంది. పట్టినట్టే ఉందని ఆయనన్నాడు. గొంతు పెరగలేదు. ఇన్నేళ్ళలో నా మాట మీద నీకు అనుమానం రాలేదు, ఇవాళ ఎక్కడో ఉన్న ప్రొఫెసరు కాగితం మీద రాస్తే వచ్చిందా అని అడిగాడు. అప్పుడు ఆయన చెయ్యి చాచి, అరచెయ్యి పైకి పెట్టి అన్నాడు.

"నా నాసిర్ ఖబరు మట్టి మీద ఒట్టు. మూడుసార్లే కాల్చాను."

సాలేహా ఆ గదిలో దేనికైనా సిద్ధపడే వచ్చింది. తిట్లకి, పని పోవడానికి, ఏదో ఒక అబద్ధం చెప్పి గట్టెక్కడానికి కూడా. దీనికి మాత్రం సిద్ధపడలేదు. ముసలాయన తన లెక్కలో నిజమే చెప్పాడు. కానీ ఆ మట్టి మీద ఇప్పుడు పడింది అబద్ధమే. అది తన భర్త గోరీ మట్టి. శవం వెంట ఆడవాళ్ళు వెళ్ళరు కనక ఆ మట్టిని ఆమె ఈ చేతులతో తాకలేకపోయింది, ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోయి చూసింది. దాన్ని అబద్ధానికి సాక్ష్యం కానిచ్చి ఎలా ఊరుకుంటుంది?

"అయిదుసార్లు," అంది.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"మూడుసార్లు మీరు కాల్చారు అబ్బాజాన్. మీరు నమాజుకి వెళ్ళాక మీ రంగు గీకేసి, నేను వేసి, ఇంకో రెండుసార్లు కాల్చాను."

బడే మియాకి అర్థం కాలేదు. నువ్వెందుకు కాల్చావని అడిగాడు, కూరలో ఉప్పు రెండోసారి ఎందుకు వేశావని అడిగినట్టు.

"మీకు పసుపు కనపడటం లేదు. తెలుపూ అదీ మీకు ఒకటిగానే ఉంటున్నాయి."

ఆయన నవ్వాడు. కోడలికి మతి పోయిందన్నట్టు డాక్టరు వైపు చూశాడు. శ్రీదుర్గ నవ్వలేదు. ఆయన సంచిలోంచి రంగుల పట్టీ తీసి, అందులోంచి రెండు నమూనా పళ్ళు ఊడదీసి, ఆయన అరచేతిలో పక్కపక్కన పెట్టింది. ఏది తెలుపో ఏది పసుపో చెప్పమంది. ఒకటి పాలరంగు, రెండోది నెయ్యిరంగు. కుర్చీలో కూర్చున్న రామతులసికి కూడా అక్కణ్ణుంచే తెలుస్తోంది. ముసలాయన కిటికీ దగ్గరికి జరిగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. చేతిని వెలుగులోకి చాచాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు. కింద బెంజ్ సర్కిల్లో బస్సుల హారన్లు వినపడుతున్నాయి. ఎంతసేపు చూశాడో ఎవరూ లెక్కపెట్టలేదు.

"రెండూ ఒకటే కదమ్మా," అన్నాడు.

తర్వాత ఎవరూ చెప్పనక్కర్లేకుండానే ఆయనకి తెలిసిపోయింది. నమూనా పళ్ళని బల్ల మీద పెట్టి, ఖాళీ అయిన చేతిని కాసేపు చూసుకున్నాడు. సాలేహా ఏడ్చింది. ఆయన పక్కన నేలమీద కూర్చుని, మీ మనసు విరుగుతుందని చెప్పలేదు అబ్బాజాన్, పింగాణీ విరుగుతుందని నాకు తెలియదు అంది. తెలియదన్నది నిజమే. ఫర్నెస్ నడపడం వచ్చు, రంగు కలపడం వచ్చు. ఎక్కువ కాలిస్తే లోపల ఏమవుతుందో ఆమెకి చెప్పాల్సినవాడు చెప్పకుండానే పోయాడు.

శ్రీదుర్గకి కోపం వచ్చింది, రావలసిందే. ఎంతమందికి ఇలా చేశావని అడిగింది. పందొమ్మిదిమందికి అని సాలేహా చెప్పింది. అంతమందినీ పిలిచి చూడాలి, జరిగింది చెప్పాలి, నువ్వు చేసింది సాయం కాదు సాలేహా అని గట్టిగానే అంది. అప్పుడు రామతులసి తనకి ఏమవుతుందని అడిగింది. డాక్టరు దాచకుండా చెప్పింది. మూల ఊడినదాన్ని నునుపు చేసి పూడ్చుకోవచ్చు. విరిగినదాన్నీ బీటవారినదాన్నీ తీసేసి వేరే ల్యాబులో కొత్తవి చేయించాలి. అంతవరకూ తాత్కాలికంగా ప్లాస్టిక్‌వి పెడుతుంది. మిగతా మూడూ ఎన్నాళ్ళుంటాయో చెప్పలేనంది. ఇక వద్దనుకుంటే అన్నీ తీసేసుకోవచ్చా అని రామతులసి అడిగింది. అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదమ్మా, జన్మంతా ఏదో ఒక తొడుగు ఉండాల్సిందే అని డాక్టరు చెప్పింది.

రామతులసి సాలేహాని అడిగింది.

"అయితే ఈ రంగు నువ్వు వేసిందేనా?"

"అవునండి టీచరుగారూ."

"అందరూ మెచ్చుకున్నారు. పుట్టుకతో వచ్చిన పళ్ళలాగే ఉన్నాయన్నారు."

అందులో కోపం లేదు, వెటకారం లేదు. చెప్పి, కొంగు మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ నాలుగైదు నెలలూ మరిచిపోయిన అలవాటు ఒక్కరోజులో తిరిగొచ్చింది. సాలేహాకి ఆ చెయ్యి పట్టుకుని దించాలనిపించింది. ఏ ముఖం పెట్టుకుని దించుతుంది?

వెళ్ళేముందు శ్రీదుర్గ మెత్తబడింది. ఇది శుక్లం అయ్యుంటుంది మియాగారూ, చిన్న ఆపరేషన్, చేయించుకుంటే రంగులన్నీ మళ్ళీ కనపడతాయి అని ధైర్యం చెప్పింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"నా కళ్ళు వస్తాయి తల్లీ. ఈ అమ్మ పళ్ళు రావు కదా."

గుమ్మం దగ్గర ఆగి, కోడలి తలమీద చెయ్యి పెట్టాడు. తిడతాడేమో అనుకుంది. ఇక మీదట రంగు విషయంలో నాకు అబద్ధం చెప్పనని మాటివ్వు బేటీ అన్నాడు. ఆమె ఇచ్చింది.

బందరు రోడ్డు మీదుగా ఆటోలో ఇద్దరూ ఇంటికి వచ్చారు. వించిపేటలో దిగి ఆయన మేడెక్కాడు కానీ బల్ల ముందు తన స్టూలు మీద కూర్చోలేదు. గుమ్మం పక్కన, సాలేహా కూరలు తరుక్కునే పీట మీద కూర్చున్నాడు. జొహర్ అజాన్ వినిపించింది. రెండేళ్ళుగా ఆ పిలుపు వినగానే ఆమె చెయ్యి ఫర్నెస్ మీదికి పోయేది. ఇవాళ ఇద్దరూ కదల్లేదు.

"రెండేళ్ళంటున్నావు. అంతకుముందు నా కళ్ళు బాగానే ఉన్నాయా?"

పొద్దుట్నుంచీ సాలేహా భయపడుతున్నది ఈ ప్రశ్నకే.

"లేవు అబ్బాజాన్."

"మరి అప్పుడు సరిచేసిందెవరు?"

ఆ ఇంట్లో ఉన్నది అప్పుడు ముగ్గురే. ఆయనకే తెలిసిపోయిన జవాబు ఆమె మెల్లగా చెప్పింది. నాసిర్ ఏడాదిపాటు సరిచేశాడు. ఆమెలా గీకి కాల్చలేదు. మొత్తం మొదట్నుంచీ కొత్తది చేసి, తండ్రి చేసినదాన్ని తీసేసేవాడు. ఆమెకి అంత పనితనం లేదు కనకే గీకింది. అబ్బాకి ఎప్పుడూ తెలియనివ్వకు అని ఆమె దగ్గర మాట తీసుకున్నాడు. వింటున్నంతసేపూ ముసలాయన తల ఊపుతున్నాడు. కొడుకు పనితనం మాట వచ్చినప్పుడు పెదవుల మీద చిన్న నవ్వు కూడా వచ్చింది. అది అక్కడే ఆగిపోయింది.

"ఆ రోజు నాసిర్ బజారుకి వెళ్ళాడు," అన్నాడు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "ఉయ్యూరు డాక్టరు తొందరపెడుతున్నాడని ఒక రేకు నేనే డబ్బాలో పెట్టి బస్సు కండక్టరుకిచ్చి పంపాను. వాడు చూడకుండా పంపింది అదొక్కటే. వాడు వచ్చి రేకు ఏదని అడిగాడు. పంపేశానన్నాను. స్కూటరు తీశాడు."

సాలేహా లేచి వంటింట్లోకి వెళ్ళి, బియ్యం డ్రమ్ములో మోచేతిదాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి పాత గుడ్డమూట తీసింది. అందులో అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బా. కండక్టరు దగ్గర్నుంచి నాసిర్ వెనక్కి తీసుకున్నది అదే, అతని చొక్కా జేబులో దొరికిందని పోలీసులు ఆమెకిచ్చారు. మూత మీద ఉర్దూలో ఆర్డరు అంకె, బడే మియా చేతిరాత. రెండేళ్ళు ఆమె దాని మీదే బియ్యం పోసింది, దాని పైనుంచే బియ్యం తీసి వండిపెట్టింది. ఇప్పుడు కూడా ఇవ్వకుండా ఉండొచ్చు. కానీ ఆపరేషన్ అయ్యాక ఎప్పుడైనా ఇది ఆయన కంటపడితే ఒంటరిగా చూడాల్సి వస్తుంది. పక్కన తనుండగా చూడటమే మేలనుకుంది.

డబ్బా అందుకుని ఆయన అంకె చదువుకున్నాడు. మూత తీసి, లోపలి రేకుని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా దాని మీద పడుతోంది. గుమ్మం దగ్గర నిలబడ్డ సాలేహాకి దాని పసుపు అంత దూరం నుంచే కనపడుతోంది.

ఆయన దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. భూతద్దం పెట్టి చూశాడు. ఎంత చూసినా కొడుకుని పొట్టన పెట్టుకున్న తప్పు అందులో దొరకలేదు.

"ఇందులో ఏముంది బేటీ?" అని అడిగాడు. "తెల్లగానే ఉంది కదా?"

ఆమె జవాబు కోసం అరచెయ్యి చాచి అలాగే నిలబడ్డాడు.